ట్యూన్ చేసిన టర్బో కారుకు ఏ ఆక్టేన్ పెట్రోల్ కొట్టించాలి? బెంగళూరు తెలుగువాళ్ల కోసం

మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉంటూ టర్బో పెట్రోల్ కారు కొని, దానికి స్టేజ్ వన్ రీమ్యాప్ (విడిభాగాలు మార్చకుండా, పవర్ పెంచేలా ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ను తిరగరాయడం) చేయించుకున్న తెలుగువాళ్లు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: 95 కొట్టించాలా, 100 కొట్టించాలా? ఇది బంక్ దగ్గర నిలబడి తేల్చుకునే విషయం కాదు. వీలైతే రీమ్యాప్‌కు డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి. మీ కారు వారమంతా ఔటర్ రింగ్ రోడ్ మీద తిరిగినా, పండక్కి అనంతపురమో తిరుపతో నెల్లూరో వెళ్లక తప్పదు. ఆ దారి పొడవునా ఏ పెట్రోల్ దొరుకుతుందో ముందు చూసుకుని, దానికి తగ్గ మ్యాప్ (ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగులు) వేయించుకోవాలి. ముందు మ్యాప్ వేయించుకుని ఆ తర్వాత దానికి సరిపడే పెట్రోల్ కోసం వెతకడం మొదలుపెడితే ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి. ఇప్పటికే రీమ్యాప్ అయిపోయినవాళ్లు కూడా కింద చెప్పిన వరుసలోనే ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకోండి.

ముందు ఆ అంకె అర్థం చేసుకోండి

సిలిండర్‌లో స్పార్క్ పడ్డాక మంట ఒక వైపు నుంచి మరో వైపుకు పాకుతుంది. ఆ మంట చేరేలోపు మూలన మిగిలి ఉన్న గాలి–పెట్రోల్ మిశ్రమం ఒత్తిడికి, వేడికి తనంతట తానే భగ్గుమంటే దాన్ని నాకింగ్ అంటాం. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు శబ్దం వస్తుంది. నాకింగ్ తీవ్రంగా ఉండి, అలాగే కొనసాగితే పిస్టన్ రింగుల మధ్య ఉండే సన్నని గట్లు విరుగుతాయి, పిస్టన్ పైభాగం కరుగుతుంది. అలా తనంతట తాను అంటుకోకుండా పెట్రోల్ ఎంతవరకు తట్టుకోగలదో చెప్పే కొలతే ఆక్టేన్. ఐసో ఆక్టేన్‌కు 100, హెప్టేన్‌కు 0 అని పెట్టుకుని, ప్రత్యేకమైన టెస్ట్ ఇంజిన్‌లో పోల్చి ఈ అంకె ఇస్తారు. ఆక్టేన్ ఎక్కువైనంత మాత్రాన పెట్రోల్‌లో శక్తి పెరగదు. ఎక్కువ బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడి), ఎక్కువ ఇగ్నిషన్ అడ్వాన్స్ (స్పార్క్‌ను ఇంకా ముందుగా వేయడం) వాడుకునే అవకాశం మాత్రం ఇస్తుంది. ఆ అవకాశాన్ని మ్యాప్ వాడుకోకపోతే 100 పోసినా ఫలితం ఉండదు.

మన బంకుల్లో కనిపించేది రాన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబర్) అంకె. బీఎస్6 ప్రమాణాల ప్రకారం మామూలు పెట్రోల్‌కు కనీసం 91 రాన్ ఉండాలి. అమెరికాలో పంపు మీద రాసేది వేరే లెక్క. అక్కడ రాన్, మాన్ (మోటార్ ఆక్టేన్ నంబర్) అనే రెండు కొలతల సగటు రాస్తారు. అందువల్ల అమెరికా 87 మన 91కి దగ్గరగా ఉంటుంది. అమెరికా 91 మన 95, 96 మధ్య ఉంటుంది. అమెరికా 93 దాదాపు మన 98తో సమానం.

ఇది కేవలం సమాచారం కోసం చెప్పడం లేదు. బయటి దేశాల నుంచి తెప్పించుకునే రెడీమేడ్ మ్యాప్‌లు, ట్యూనింగ్ బాక్సులు చాలావాటి మీద “91 ఆక్టేన్” అని ఉంటుంది. అది అమెరికా 91 అయితే, మన మామూలు 91 పెట్రోల్ దానికి నాలుగైదు పాయింట్లు తక్కువ పడుతుంది. ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్‌లో అలాంటి తేడాను తట్టుకునే వెసులుబాటు ఉంటుంది. రీమ్యాప్ పెంచే పవర్‌లో చాలా భాగం ఆ వెసులుబాటును తినేసి వచ్చేదే. కాబట్టి ఎవరైనా 91 అన్నా 93 అన్నా మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న “ఏ లెక్కలో?” అన్నదే.

ట్యాంక్ మూత చూడండి, తర్వాత ట్యూనర్ చేత రాయించుకోండి

ట్యాంక్ మూత లోపలి స్టిక్కర్ మీద కంపెనీ చెప్పిన కనీస రాన్ ఉంటుంది. కొన్ని కార్లకు 95 వాడమని చెప్పి, 91 అయినా పర్వాలేదని రాసి ఉంటుంది. అంటే 91తో ఇంజిన్ నడుస్తుంది, కాకపోతే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) టైమింగ్ వెనక్కి లాగి, అంటే స్పార్క్‌ను ఆలస్యం చేసి, పవర్ కొంత తగ్గిస్తుంది. ఇది స్టాక్ కారుకు, అంటే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కారుకు, సంబంధించిన మాట. రీమ్యాప్ అయ్యాక ఈ స్టిక్కర్ చెల్లదు, రీమ్యాప్ చేసిన ట్యూనర్ చెప్పిన అంకే చెల్లుతుంది.

ఆ అంకెను నోటిమాటగా వదిలేయకండి, వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా తీసుకోండి. ఈ మ్యాప్‌కు కనీసం ఎంత రాన్ కావాలి? ఇథనాల్ ఎంత శాతం ఉందనుకుని రాశారు? అత్యవసరంలో మామూలు పెట్రోల్ కొట్టిస్తే ఏమవుతుంది, ఎంత వేగంలో ఎలా నడపాలి? నాక్ కంట్రోల్ (నాకింగ్‌ను సెన్సర్‌తో పసిగట్టి టైమింగ్ తగ్గించే ఏర్పాటు) ఫ్యాక్టరీలో ఉన్నట్టే ఉంచారా, ఏమైనా తగ్గించారా? ఈ నాలుగింటిలో చివరిది అన్నిటికంటే ముఖ్యం. నాక్ సెన్సర్ పనిని మొద్దుబార్చి డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) షీట్ మీద పెద్ద అంకె చూపించడం కష్టమేమీ కాదు. అలా చేసిన కారులో తక్కువ ఆక్టేన్ పెట్రోల్ పడితే కాపాడేది ఏదీ ఉండదు. జవాబు చెప్పడానికి తటపటాయించే ట్యూనర్ దగ్గర కారు పెట్టకండి.

ఆ అంకెను రాసి మూత లోపల అంటించండి. కారు తీసుకెళ్లే తమ్ముడికీ, ఆఫీసు డ్రైవర్‌కూ విడిగా చెప్పాల్సిన పని ఉండదు.

మీ బంకుల జాబితా రాసుకోండి

బెంగళూరులో ఎంపికకు కొదవలేదు. ఇండియన్ ఆయిల్ బంకుల్లో ఎక్స్‌పీ95, కొన్నిచోట్ల ఎక్స్‌పీ100 దొరుకుతాయి. ఎక్స్‌పీ100ను దేశంలో 2020 డిసెంబరులో విడుదల చేశారు. హెచ్‌పీలో పవర్ పేరుతో, భారత్ పెట్రోలియంలో స్పీడ్ పేరుతో, షెల్‌లో వీ-పవర్ పేరుతో ప్రీమియం పెట్రోల్ ఉంటుంది. ఇక్కడ పేరును నమ్ముకోకండి, అంకెను చూడండి. ప్రీమియం అన్నంత మాత్రాన ఆక్టేన్ ఎక్కువని కాదు. కొన్నింటిలో ఇంజిన్‌ను శుభ్రంగా ఉంచే అడిటివ్‌లు కలిపి ఎక్కువ ధర తీసుకుంటారు. పంపు మీద 95, 97, 99, 100 లాంటి అంకె స్పష్టంగా లేకపోతే, మ్యాప్ లెక్కల కోసం దాన్ని మామూలు పెట్రోల్‌గానే లెక్కేయండి.

ఇంటికీ ఆఫీసుకూ మధ్య ఇలాంటి బంకులు రెండైనా గుర్తుపెట్టుకోండి. ఎక్కువ అమ్ముడుపోయే బంకైతే మంచిది. 100 రకం పెట్రోల్ చాలా తక్కువమంది కొట్టిస్తారు కాబట్టి కొన్ని బంకుల్లో అది భూగర్భ ట్యాంకులో ఎక్కువ కాలం నిలవ ఉండిపోయే అవకాశం ఉంది. లోడ్ ఎప్పుడు వచ్చిందని అడగడంలో తప్పు లేదు.

ఇప్పుడు ఊరి దారి చూడండి. హైదరాబాద్ వైపు ఎన్‌హెచ్ 44 మీద దేవనహళ్లి, బాగేపల్లి, పెనుకొండ, అనంతపురం, గుత్తి, కర్నూలు వస్తాయి. తిరుపతి వైపు అయితే కోలార్, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు. పెద్ద ఊళ్లలో 95 దొరికే అవకాశం బాగానే ఉంటుంది. 100 దొరుకుతుందన్న నమ్మకంతో మాత్రం బయలుదేరకండి. కంపెనీల యాప్‌లలో ఏ బంకులో ఏది ఉందో చూపిస్తారు. అయినా బయలుదేరే ముందు బంక్‌కు ఫోన్ చేసి స్టాక్ ఉందో లేదో కనుక్కోవడం మేలు.

ఈ20ని లెక్కలోకి తీసుకోండి

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ (ఈ20) అమ్మకాలను 2023 ఫిబ్రవరి 6న ప్రధాని బెంగళూరులోనే, ఇండియా ఎనర్జీ వీక్ సభలో ప్రారంభించారు. ఇప్పుడు మామూలు పెట్రోల్ అంటే దాదాపు అంతటా అదే. ఇథనాల్ ఆక్టేన్ 100 దాటి ఉంటుంది. పైగా అది ఆవిరయ్యేటప్పుడు లోపలి గాలిని చల్లబరుస్తుంది. నాకింగ్ విషయంలో ఈ రెండూ మంచివే. ఈ20కి 95 రాన్ ఉంటుందని కేంద్ర పెట్రోలియం శాఖ కూడా చెప్పింది.

అలాంటప్పుడు మామూలు పెట్రోలే చాలదా అని మీరు అడగవచ్చు. స్టాక్ కారుకు చాలు. ట్యూన్ చేసిన కారుకు మామూలు పెట్రోల్‌ను 91గానే లెక్కేయమని నా సలహా. ఎందుకంటే ఆ ఆక్టేన్‌లో ఎక్కువ భాగం ఇథనాల్ నుంచి వచ్చినదే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. వానాకాలంలో భూగర్భ ట్యాంకులోకి నీరు చేరితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి. పైన మిగిలిన పెట్రోల్‌కు ఆక్టేన్ పడిపోతుంది. ప్రీమియం పెట్రోల్‌లోనూ ఇథనాల్ ఉండవచ్చు కాబట్టి జాగ్రత్త అక్కడా అవసరమే.

ఇంకో సంగతి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఇథనాల్ పెరిగేకొద్దీ అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి. బరువు లెక్కన ఒక పాలు స్వచ్ఛమైన పెట్రోల్ మండడానికి కావలసిన గాలి 14.7 పాళ్లు అయితే, ఈ10కి సుమారు 14.1, ఈ20కి సుమారు 13.5. అంటే ఈ10 అనుకుని రాసిన మ్యాప్‌లో ఈ20 పోస్తే ఇంజెక్టర్లు సుమారు 4 శాతం ఎక్కువ ఇంధనం చల్లాలి. స్టాక్ కారు దీన్ని తేలిగ్గా సర్దుకుంటుంది. స్టేజ్ టూ (విడిభాగాలు కూడా మార్చి చేసే రీమ్యాప్) దాకా వెళ్లి, ఇంధనం పంపే హై ప్రెషర్ పంపు ఇప్పటికే చివరి హద్దులో పనిచేస్తుంటే ఆ 4 శాతమే మిశ్రమాన్ని పలుచన చేసి, వేడి పెంచి, నాకింగ్‌కు దారితీస్తుంది. అప్పుడు తప్పు ఆక్టేన్‌ది కాదు, ఇంధన సరఫరాది. ఎంత ఎక్కువ ఆక్టేన్ పోసినా అది సర్దుకోదు.

ఇథనాల్ ఎంత ఉందో మీరే చూసుకోవచ్చు. గీతలున్న గాజు కొలజాడీలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 మిల్లీలీటర్ల పెట్రోల్ పోసి, మూతపెట్టి ఊపి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. అడుగు పొర సుమారు 19 దగ్గర ఆగితే 10 శాతం, 28 దగ్గరికి వస్తే 20 శాతం. 10 దగ్గరే ఉండిపోతే ఇథనాల్ లేనట్టే. ఎక్స్‌పీ100లో ఇథనాల్ ఉండదని అంటారు, ఈ పరీక్షతో అదీ తేలిపోతుంది. ఆరుబయట, మంటకూ స్విచ్చులకూ దూరంగా చేయండి. బాల్కనీలో వద్దు. పరీక్ష చేసిన పెట్రోల్‌ను మళ్లీ ట్యాంకులో పోయకండి.

బంకులో అడిగితే ఫిల్టర్ పేపర్ పరీక్ష, డెన్సిటీ చూపిస్తారు. కల్తీ ఉందేమో అనుమానం తీర్చుకోవడానికి అవి పనికొస్తాయి. ఆక్టేన్ ఎంతో వాటితో తెలియదు.

ఇప్పుడు మ్యాప్ ఎంచుకోండి

నెలకోసారైనా ఆంధ్ర వైపు వెళ్లేవాళ్లకు 95 రాన్ మ్యాప్ సరైనదని నా గట్టి అభిప్రాయం. 100 మ్యాప్‌తో ఇంకొంత పవర్ వచ్చే మాట నిజమే. ఆ పవర్ ఏ పరిస్థితిలో ప్రమాదమవుతుందో లెక్క వేసి చూద్దాం.

తిరుపతి వెళ్లి వస్తున్నారు అనుకుందాం. రానూపోనూ సుమారు 500 కిలోమీటర్లు. విర్టస్ లాంటి కారు ట్యాంక్ 45 లీటర్లు. లీటరుకు 12 వచ్చినా బెంగళూరులో నింపిన ట్యాంకుతో తిరిగి ఇల్లు చేరడం అంచు మీద వ్యవహారం. తిరుగు ప్రయాణంలో చిత్తూరు దగ్గర 10 లీటర్లు మిగిలి ఉండగా, ప్రీమియం దొరక్క 15 లీటర్ల మామూలు పెట్రోల్ కొట్టించారు. ట్యాంకులో మిగిలింది 95 అయితే లెక్క ఇలా ఉంటుంది: 10 ఇంటూ 95, 15 ఇంటూ 91, రెండూ కలిపి 25తో భాగిస్తే 92.6. మ్యాప్‌కు కావలసిన దానికి 2.4 తక్కువ. మ్యాప్ 100ది, మిగిలిందీ 100 అయితే మిశ్రమం 94.6 అవుతుంది. అంకె చూడటానికి ఎక్కువే, కానీ మ్యాప్‌కు 5.4 తక్కువ. చిత్తూరు దాటగానే వచ్చేది పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కుడు. నలుగురు మనుషులు, సామాను, ఏసీ, మధ్యాహ్నం ఎండ. ట్యాంకులో బలహీనమైన పెట్రోల్ ఉన్న సమయమూ, ఇంజిన్ మీద భారం ఎక్కువైన సమయమూ ఒకటే అవుతాయి. 2.4 తేడాను నాక్ కంట్రోల్ టైమింగ్ తగ్గించి సర్దగలదు. 5.4 తేడాను కూడా సర్దుతుందని పందెం కాయడం మంచిది కాదు.

డబ్బు లెక్క కూడా చూడండి. 100 రకానికీ మామూలు పెట్రోల్‌కూ లీటరుకు 50 రూపాయలకు పైనే తేడా ఉంటోంది. నెలకు 70 లీటర్లు వాడితే 3,500 రూపాయలు, ఏడాదికి 42,000. అదే డబ్బును మంచి ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన గాలిని చల్లబరిచే భాగం) వైపు పెడితే నాకింగ్‌కు అసలు కారణమైన వేడే తగ్గుతుంది, ఏ పెట్రోల్ పోసినా ఆ లాభం ఉంటుంది.

100 మ్యాప్ ఎవరికి తగినది? కారు వారాంతాల్లో నగరం చుట్టూనే తిరిగేవాళ్లకు, ట్రాక్ డేలకు వెళ్లేవాళ్లకు, ఊరి ప్రయాణానికి ఇంట్లో ఇంకో కారు ఉన్నవాళ్లకు. రెండు మ్యాప్‌ల మధ్య మార్చుకునే వీలు మీ ట్యూనర్ ఇస్తే ఇంకా మంచిది: ఊరికి బయలుదేరే ముందు 95కో, స్టాక్‌కో మార్చుకుని వెళ్లవచ్చు. అప్పుడు ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ ట్యాంకులో ఉన్నప్పుడే తక్కువ మ్యాప్‌కు దిగాలి. ఎక్కాలంటే ముందు మంచి పెట్రోల్ నింపి, తర్వాతే మ్యాప్ మార్చాలి.

పెట్రోల్ మార్చేటప్పుడు

రీమ్యాప్ రోజుకు ముందే ట్యాంక్‌ను రిజర్వ్ దాకా రానిచ్చి, కావలసిన ఆక్టేన్‌తో నింపండి. ఇంకోసారి కూడా అదే పెట్రోల్‌తో నింపాకనే పాతది పోయినట్టు. ట్యాంక్ పూర్తిగా ఎండగొట్టకండి, డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చల్లే) కార్లలో పంపులకు అది మంచిది కాదు. కొత్త పెట్రోల్ పడిన వెంటనే తేడా తెలియడం లేదని నిరాశపడకండి. కొన్ని ఈసీయూలు నాకింగ్‌ను గుర్తుపెట్టుకుని నెమ్మదిగా సర్దుకుంటాయి. ఒక ట్యాంక్ పూర్తయ్యాక చూడండి.

లాగ్ చేసి చూసుకోండి

నడుస్తుండగా ఇంజిన్ అంకెలను రికార్డు చేసుకుంటే (దాన్నే లాగ్ అంటాం), మీ ఎంపిక సరైనదో కాదో కారే చెబుతుంది. చెవికి నాకింగ్ వినపడేదాకా ఆగకూడదు. కిటికీలు మూసి, పాటలు పెట్టుకున్న కారులో వినపడేసరికి ఆలస్యమై ఉంటుంది.

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో (మెకానిక్‌లు కారును పరీక్షించే సాకెట్) పెట్టే చిన్న డాంగిల్ కొనండి. చవక రకాలతో ఇగ్నిషన్ టైమింగ్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, బూస్ట్ ప్రెషర్, ఫ్యూయల్ ట్రిమ్‌లు (ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం పెంచి, తగ్గించి సర్దుతోందో చెప్పే అంకెలు) కనిపిస్తాయి. సిలిండర్ వారీగా టైమింగ్ ఎంత వెనక్కి లాగుతోందో చూడాలంటే ఆ బ్రాండ్‌కు సరిపోయే పరికరం కావాలి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలకు వీసీడీఎస్, ఓబీడీ ఎలెవెన్ లాంటివి ఉన్నాయి. ఒకేసారి పది అంశాలు పెడితే చవక డాంగిల్ వేగం చాలక అసలు క్షణం జారిపోతుంది. నాలుగైదింటికి మించకండి.

లాగ్ తీయడానికి అన్నిటికంటే మంచి చోటు డైనో. రోడ్డు మీద మూడో గేర్‌లో ఫుల్ త్రాటిల్ (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కడం) అంటే వేగం చూస్తుండగానే హద్దు దాటుతుంది, నైస్ రోడ్ ఖాళీగా కనిపించినా సరే అది చేయకండి. డైనో అందుబాటులో లేకపోతే, మూడో గేర్‌లో 2,000 నుంచి 3,500 ఆర్‌పీఎమ్ దాకా, వేగ పరిమితిలోపు గట్టిగా లాగే ఎక్కుడు దగ్గర తీసిన లాగ్ కూడా చాలా సంగతులు చెబుతుంది. టర్బో ఇంజిన్ మీద ఒత్తిడి ఎక్కువగా పడేదీ ఆ మధ్య ఆర్‌పీఎమ్‌లోనే. ఫోన్ మీ చేతిలో వద్దు, పక్క సీటులో ఇంకొకరు చూడాలి.

ఇక చదవడం. ఏదో ఒక సిలిండర్‌లో అప్పుడప్పుడు రెండు మూడు డిగ్రీల రిటార్డ్ (టైమింగ్ వెనక్కి లాగడం) కనిపించి వెంటనే పోతే కంగారుపడక్కర్లేదు. అన్ని సిలిండర్లలో, ప్రతిసారీ ఐదారు డిగ్రీలు పడి అలాగే నిలబడితే ఆ పెట్రోల్ ఆ మ్యాప్‌కు చాలడం లేదు. ఒకే సిలిండర్‌లో మాత్రమే ఎప్పుడూ ఎక్కువగా పడుతుంటే పెట్రోల్‌ను కాదు, ఆ సిలిండర్ ప్లగ్‌నో, కాయిల్‌నో, ఇంజెక్టర్‌నో అనుమానించండి. ఇవి సాధారణంగా పాటించే కొలతలు. మీ ఇంజిన్‌కు ఖచ్చితమైన హద్దు ఎంతో ట్యూనర్‌ను అడగండి.

లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ పది శాతం దాటి ప్లస్‌లో ఉంటే ఇథనాల్ పరీక్ష చేయండి, గాలి లీకులు ఉన్నాయేమో చూపించండి. ఫ్యూయల్ రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు అందే ఇంధన ఒత్తిడి) అడిగినంత రాక పై ఆర్‌పీఎమ్‌లో పడిపోతుంటే అక్కడితో ఫుల్ త్రాటిల్ ఆపేసి ట్యూనర్ దగ్గరికి వెళ్లండి. దీనికి ఆలస్యం పనికిరాదు.

95 మ్యాప్, 95 పెట్రోల్‌తో రిటార్డ్ సున్నా దగ్గరే ఉందా? అయితే 100 కొట్టించాల్సిన పని లేదు. లాగ్ తీయడంలో నాకు నచ్చేది ఇదే. భయంతో అనవసరంగా పెట్టే ఖర్చు కూడా ఆగుతుంది.

ఎత్తు, ఎండ

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి చెన్నై, నెల్లూరు కంటే దాదాపు పది శాతం తక్కువ. ఇప్పటి టర్బో కార్లలో ఈసీయూ చాలావరకు ఇంజిన్‌లోకి చేరాల్సిన మొత్తం గాలిని లక్ష్యంగా పెట్టుకుంటుంది. కాబట్టి ఇక్కడ టర్బో ఇంకా గట్టిగా తిరిగి ఆ లోటు పూడుస్తుంది. ఉదాహరణకు మొత్తం 2 బార్ కావాలంటే చెన్నైలో గాలిని సుమారు రెండింతలు నొక్కితే చాలు, బెంగళూరులో 2.2 రెట్లు నొక్కాలి. గాలిని నొక్కినకొద్దీ అది వేడెక్కుతుంది. మన ఊరి చల్లదనం ఆ వేడిని కొంత కప్పిపుచ్చుతుంది.

మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్ పెట్టించుకున్నవాళ్లకు సంగతి తిరగబడుతుంది. అది బయటి గాలి మీద ఎంత అదనపు ఒత్తిడి అన్నదే చూస్తుంది. ఇక్కడ 1 బార్‌కు సెట్ చేసిన కారు చెన్నైకి దిగితే, మీరు ఏమీ ముట్టుకోకుండానే సిలిండర్‌లోకి వెళ్లే మొత్తం ఒత్తిడి పెరుగుతుంది. నాకింగ్ అక్కడ మొదలవుతుంది. కొండ దిగే ప్రయాణం ఉంటే బూస్ట్ తగ్గించుకుని వెళ్లండి.

ఎండ సంగతి అందరికీ ఒకటే. డిసెంబరులో బెంగళూరులో తీసిన లాగ్ శుభ్రంగా ఉందని, మేలో కర్నూలులో కూడా అలాగే ఉంటుందని అనుకోకండి. 40 డిగ్రీలు దాటిన గాలి ఇంటర్‌కూలర్‌ను దాటి కూడా వేడిగానే లోపలికి వెళ్తుంది. ట్రాఫిక్‌లో చాలాసేపు ఆగిన కారు బానెట్ కింద వేడి పేరుకుని ఉంటుంది. కదలగానే గట్టిగా తొక్కకండి. ఇన్‌టేక్ ఉష్ణోగ్రత తగ్గేదాకా రెండు మూడు నిమిషాలు మామూలుగా నడపండి.

దారిలో సరైన పెట్రోల్ దొరకకపోతే

ట్యాంక్ నింపేయకండి, తర్వాతి పెద్ద ఊరు చేరడానికి సరిపడా మాత్రమే కొట్టించండి. సగం ట్యాంక్ ఉన్నప్పుడే మంచి బంక్ కనిపిస్తే అక్కడే టాప్ చేసుకోవడం ఇంకా తెలివైన పని. క్యాన్లలో 100 పెట్రోల్ మోసుకెళ్లాలన్న ఆలోచన వద్దు. డిక్కీలో పెట్రోల్ ఆవిరి ప్రమాదం.

తక్కువ ఆక్టేన్ ఉన్నంతసేపు త్రాటిల్ సగానికి మించి తొక్కకండి. ఘాట్‌లో గేర్ తగ్గించి 2,500 నుంచి 3,500 మధ్య ఉంచండి. ఆటోమేటిక్ అయితే స్పోర్ట్ మోడ్‌లో పెట్టండి. వేగం కోసం కాదు, 1,500 ఆర్‌పీఎమ్‌లో పై గేర్‌తో ఈడ్చకుండా ఉండటానికి. చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో తక్కువ ఆర్‌పీఎమ్, ఎక్కువ భారం దగ్గర స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే ఇంకో జబ్బు ఉంది. అది మామూలు నాకింగ్ కంటే తీవ్రమైనది, ఎక్కువ ఆక్టేన్‌తో పూర్తిగా తగ్గదు. దానికి మందు సరైన నడపడం, సరైన ఇంజిన్ ఆయిల్. ఏపీఐ ఎస్‌పీ గ్రేడ్ ఆయిళ్లను ఈ సమస్యకు పరీక్షించే తయారుచేస్తారు. మీ కంపెనీ చెప్పిన స్పెసిఫికేషన్‌లో అది ఉందో లేదో చూసి వాడండి.

సీసాల జోలికి వెళ్లేముందు

ఆక్టేన్ బూస్టర్ సీసా మీద “3 పాయింట్లు పెంచుతుంది” అని ఉంటే అది తరచుగా 0.3 ఆక్టేన్ అని అర్థం, 91 కాస్తా 91.3 అవుతుందన్నమాట. మాంగనీస్, ఇనుము ఆధారంగా చేసిన బూస్టర్లు ప్లగ్‌ల మీద ఎర్రటి పొర వదులుతాయి. అది పెరిగితే మిస్‌ఫైర్ వస్తుంది. పెయింట్ షాపు థిన్నర్ కలపమని ఎవరైనా చెబితే వినకండి. అందులో ఏమేం ఉన్నాయో తెలియదు, రబ్బరు పైపులు, సీళ్లు పాడవుతాయి. సీసం ఉన్న విమాన పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ను, ఆక్సిజన్ సెన్సర్లను చంపేస్తుంది.

ఆ డబ్బు ప్లగ్‌ల మీద పెట్టండి. ట్యూన్ చేసిన కారుకు చాలామంది ట్యూనర్లు ఒక మెట్టు చల్లటి (వేడిని త్వరగా బయటికి పంపే) ప్లగ్, కొంచెం తక్కువ గ్యాప్ సూచిస్తారు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్‌లో వాల్వుల మీద, సిలిండర్‌లో కార్బన్ పేరుకుంటుంది. లోపల ఆయిల్ ఆవిరి చేరుతుంది. ఈ రెండూ ఇంజిన్‌కు కావలసిన ఆక్టేన్‌ను పెంచుతాయి. రెండేళ్ల కిందట 95తో హాయిగా నడిచిన కారు ఇప్పుడు అదే 95తో టైమింగ్ లాగుతుంటే, పెట్రోల్ మార్చేముందు వాటిని చూపించండి.

వారంటీ, బీమా సంగతి క్లుప్తంగా: రీమ్యాప్ వల్ల వచ్చిన నష్టానికి కంపెనీ వారంటీ వర్తించకపోవచ్చు. మార్పును బీమా కంపెనీకి ముందే తెలియజేయండి. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయించకండి, అది చట్టవిరుద్ధం.

వేసవిలో మళ్లీ ఒకసారి

ఏప్రిల్ రాగానే, ఊరి ప్రయాణానికి ముందు, అదే ఎక్కుడు దగ్గర, అదే గేర్‌లో ఇంకో లాగ్ తీసి పాతదానితో పక్కపక్కన పెట్టి చూడండి. ఏ బంకు, ఏ పెట్రోల్, బయట ఎంత వేడి అన్నది ఫైల్ పేరులోనే రాసుకోండి. రెండు వేర్వేరు బంకుల్లో 95 కొట్టించినా రిటార్డ్ ఐదు డిగ్రీలు దాటి నిలబడుతుంటే ఆ లాగ్‌లు ట్యూనర్‌కు పంపి, మధ్య ఆర్‌పీఎమ్‌లో ఒకటి రెండు డిగ్రీల టైమింగ్ తగ్గించమనో, బూస్ట్ కాస్త దించమనో అడగండి. పోయేది కొద్దిపాటి పవర్, అది రోజువారీ నడకలో తెలియదు కూడా. ఇలాంటి సవరణను ఏడాదిలోపు ఉచితంగా చేస్తారో లేదో రీమ్యాప్‌కు అడ్వాన్స్ ఇచ్చే రోజే మాట్లాడుకోండి.